పాలు సగమయ్యాయి, బిల్లు పెరిగింది: డెల్టాలో ఒక ఇంటి నెల సరుకుల కేస్ స్టడీ

2024 నవంబరులో ఒక మధ్యాహ్నం ఒకావిడ రెండు కాసుల గొలుసు రుమాలులో మూట కట్టుకుని మా ఆఫీసుకి వచ్చారు. యాభై వేలు బంగారం లోను కావాలన్నారు. దేనికండీ అని అడిగితే కాసేపు తల వంచుకుని, "సరుకులకండి" అన్నారు. పెళ్ళికో, ఫీజుకో, చెరువు మేతకో బంగారం పెట్టేవాళ్ళను రోజూ చూస్తాను. నెల వెచ్చాల కోసం గొలుసు తెచ్చిన మనిషిని అంతకు ముందు చూడలేదు. ఫారం పక్కన పెట్టి కూర్చోమన్నాను.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఆర్థిక అక్షరాస్యత కౌన్సెలర్‌ని. ఊళ్ళలో మీటింగులు పెట్టడం, అప్పుల్లో పడ్డవాళ్ళతో కూర్చుని లెక్కలు చూడటం నా పని. ఈ కుటుంబంతో ఏడాది పాటు నడిచాను. ఆవిడ ఒప్పుకున్నారు కాబట్టే రాస్తున్నాను. ఊరు పేరు, మనుషుల పేర్లు చెప్పను. పాలకొల్లుకి దగ్గర్లో అనుకోండి చాలు.

ఇంట్లో ఐదుగురు. భర్త రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్. జీతం 21 వేలు, సీజన్‌లో ఓటీ (ఓవర్‌టైమ్) మీద మరో 3 వేల దాకా వస్తాయి. ఆవిడ ఇంటి దగ్గరే జాకెట్లు కుడతారు, నెలకు 4 నుంచి 5 వేలు. పదమూడేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, అత్తగారు. సొంత డాబా ఇల్లు. ఆదాయం పరిమితి దాటింది కాబట్టి రైస్ కార్డు లేదు, రేషన్ బియ్యం రావు. మార్కెట్‌లో ఎంతుంటే అంత పెట్టి కొనుక్కోవాల్సిందే. ధరలు పెరిగినప్పుడు ఏ ఆసరా లేకుండా మొత్తం దెబ్బ తినేది ఇలాంటి ఇళ్ళే. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేదీ వీళ్ళే, ఎందుకంటే తమకు కష్టం వచ్చిందని ఒప్పుకోవడానికే వీళ్ళకి మొహమాటం.

ఆవిడ వచ్చింది ధరలు మండిపోతున్న రోజుల్లో. 2024 అక్టోబరులో దేశంలో ఆహార ద్రవ్యోల్బణం, అంటే ఏడాది కిందటితో పోలిస్తే తిండి ధరల పెరుగుదల, 10.87 శాతం, ఒక్క కూరగాయలదే 42 శాతం పైన. దానికి ముందు సెప్టెంబరు 14న కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని, సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. మనం వాడే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది కాబట్టి ఆ పెంపు వారాల్లోనే ప్యాకెట్ మీదికి వచ్చేసింది. కాబట్టి "రేట్లు పెరిగిపోయాయండి" అన్న ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. కానీ 50 వేల అప్పుకి ఆ ఒక్క మాట సరిపోదనిపించింది నాకు.

ముందుగా, ఇప్పటిదాకా ఏమేం తగ్గించారో అడిగాను. ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. లీటరు పాలు అరలీటరు చేశారు. పిల్లలకు రోజూ పెట్టే గుడ్డు ఆదివారం మాత్రమే పెడుతున్నారు. వారం వారం తెచ్చే చేప పదిహేను రోజులకోసారి అయింది. టమాటా మానేసి చింతపండుతోనే సరిపెడుతున్నారు. లెక్క వేశాను. పాల మీద నెలకు 900, గుడ్ల మీద 240, చేపల మీద 400. మొత్తం 1,540 రూపాయలు. "ఇంతకంటే ఏం కోసుకోమంటారండి?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు వణికింది.

మరి సూపర్ మార్కెట్ బిల్లు ఎంత వస్తుందంటే, "ఎనిమిదో తొమ్మిదో వేలండి, మా ఆయన కార్డు మీద కడతారు" అన్నారు. కచ్చితంగా తెలియదు. ఈ కేసుకు తాళం చెవి అక్కడే దొరికింది.

బిల్లు విప్పి చూస్తే

వాళ్ళు సరుకులు కొనే దుకాణం ప్రతి బిల్లునూ మెసేజ్‌లో లింకుగా పంపుతుంది. ఆవిడ ఒక్కసారీ తెరవలేదు. కాగితం బిల్లయితే నెల తిరిగేసరికి అచ్చు మాసిపోయేది, లింకుల్లో మాత్రం ఏడాది కిందటివీ భద్రంగా ఉన్నాయి. 2023 అక్టోబరుది, 2024 అక్టోబరుది ప్రింట్ తీయించాను. మొదటిది 6,900. రెండోది 9,480. తేడా 2,580.

రెండు పెన్నులు తీసుకున్నాం. రెండు బిల్లుల్లోనూ ఉన్న సరుకు అదే పరిమాణంలో ఉండి రేటు మాత్రం పెరిగి ఉంటే నీలం గీత. పోయినేడు లేనిది, లేదా అప్పటికంటే ఎక్కువ కొన్నది ఉంటే ఎర్ర గీత. నీలం గీతలు నేను గీశాను, ఎర్రవి ఆవిడనే గీయమన్నాను. ఇది కావాలనే చేస్తాను. ఎదుటి మనిషి తన చేత్తో గీసుకున్న గీతను ఇంటికెళ్ళాక కూడా మర్చిపోరు.

నీలం గీతల మొత్తం 690 రూపాయలు. అందులో నూనె ఒక్కటే 150: పోయినేడు 112 ఉన్న పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ 142 అయింది, నెలకు ఐదు ప్యాకెట్లు. బియ్యం మరో 150. మిగతాది పప్పులు, సబ్బులు, చిల్లర సామాను.

ఎర్ర గీతల మొత్తం 1,890.

ఆవిడ పెన్ను పెట్టేసి బిల్లు వంక చూస్తూ ఉండిపోయారు. ఎర్ర గీత పడనివి కూడా కలిపి ఆ రెండో బిల్లు మొత్తంలో బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్, కూల్‌డ్రింకులు, పాలలో కలిపే పొడి, కెచప్, ఐస్‌క్రీమ్ కలిపి 2,610. రెడీమేడ్ పచ్చళ్ళు, మసాలా పొడులు 520. ఆఫర్‌లో కనిపించిన డబ్బాలు, తువ్వాళ్ళు 740. ఐదుగురు నెలంతా తినే పప్పులన్నీ కలిపితే మాత్రం 650.

ఇందులో ఆవిడ దుబారా మనిషి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2023-24 గృహ వినియోగ సర్వేలో కూడా, పల్లెలో అయినా పట్నంలో అయినా, తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా పానీయాలు, తినుబండారాలు, ప్రాసెస్ చేసిన ఆహారానిదే అని తేలింది. ఈ ఇంట్లో జరిగింది దేశమంతా జరుగుతున్నదే. నన్ను బాధపెట్టింది వేరే విషయం. పాలు, గుడ్లు, చేప, టమాటా రోజూ చేతిలోంచి నోటు తీసి కొనేవి. పాలవాడు రూపాయి పెంచితే ఆ సాయంత్రమే తెలుస్తుంది, కాబట్టి కోత అక్కడే పడుతుంది. నెలకోసారి కార్డు గీసే బిల్లు కంటికి కనిపించదు, కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. పెరిగే పిల్లల నోటి దగ్గర 1,540 తీసేసి, ట్రాలీలో 1,890 పెట్టారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూపించాను. అంతకు మించి ఏమీ అనలేదు.

అత్తగారు తర్వాత ఒక మాట చెప్పారు. తను కాపురానికి వచ్చినప్పుడు కొట్టుకు చీటీ రాసి పంపేవారట. కందిపప్పు రెండు కేజీలు, ఆవాలు పావు కేజీ, అలా. కొట్టాయన చీటీలో ఉన్నదే కట్టేవాడు. "ఇప్పుడు బండి తోసుకుంటూ చీటీ రాస్తున్నారమ్మా" అన్నారు. ఇన్నేళ్ళ నా మీటింగుల్లో ఇంత సూటిగా నేను కూడా చెప్పలేకపోయాను.

ధర కంటే పెద్ద ఖర్చు

కార్డు స్టేట్‌మెంట్ చూశాక గొలుసు ఎందుకు వచ్చిందో అర్థమైంది. ఏడెనిమిది నెలలుగా కనీస మొత్తం మాత్రమే కడుతున్నారు. బాకీ 31 వేలు దాటింది, దాని మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ. అంటే నెలకు దాదాపు 1,085 రూపాయలు. ధరల పెరుగుదల నెలకు 690 తీసుకుంటుంటే, ఆ సరుకులను అప్పు మీద తినడం 1,085 తీసుకుంటోంది. ఎప్పుడో తినేసిన బిస్కెట్ మీద ఇవాళ్టికీ వడ్డీ కడుతున్నారన్న మాట.

అందుకని బంగారం లోను వద్దనలేదు. 50 వేలు కాకుండా 31 వేలే తీసుకుని, ఆ డబ్బు అటు నుంచి అటే కార్డుకు కట్టేయమన్నాను. ఏడాదికి 9 శాతం లెక్కన నెలకు 232 వడ్డీ పడింది. కార్డు ఆయన జేబులోంచి బీరువాలోకి వెళ్ళింది. దీనికి ఆయన్ని ఒప్పించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఎర్ర గీతల బిల్లు ఆయన ముందు పెట్టింది పాప. ఇంకేం మాట్లాడలేదాయన.

నూనె ర్యాక్ దగ్గర

డిసెంబరులో ఒక ఆదివారం ఆవిడతో కలిసి దుకాణానికి వెళ్ళాను. నూనె ర్యాక్‌లో ఒకే రకం నూనెవి రెండు ప్యాకెట్లు పక్కపక్కనే ఉన్నాయి, చూడ్డానికి ఒకే సైజు. ఒకటి 148, ఒకటి 144. ఆవిడ చెయ్యి 144 మీదికి వెళ్ళింది. వెనక్కి తిప్పమన్నాను. 148ది 910 గ్రాములు, అంటే లీటరు. 144ది 850 గ్రాములు. ఫోన్‌లో భాగించి చూస్తే కేజీకి మొదటిది 163, రెండోది 169. చౌక అనుకున్నదే ప్రియం.

ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంతో, కేజీకి ఎంతో అచ్చు వేయాలన్న నిబంధన 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇన్ని గ్రాముల్లోనే ప్యాక్ చేయాలన్న పాత నియమాన్ని తీసేసి, దాని బదులు తెచ్చిన రక్షణ ఇది. చూద్దాం కదా అని వెతికాం. కేజీలోపు ప్యాకెట్‌కి గ్రాము లెక్కన వేస్తారు, అదీ ఎమ్మార్పీ మీద, రెండు దశాంశాల దాకా. ఎమ్మార్పీలు 164, 157. భాగిస్తే ఒకటి 0.180, ఇంకొకటి 0.185 దగ్గరికి వస్తాయి. రెండింటి మీదా అచ్చయింది మాత్రం 0.18. తేడా ఆ మూడో అంకెలో మునిగిపోయింది. అదే కేజీకి ఎంతో వేస్తే 180, 185 అని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. ఈ నిబంధనను మార్చాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. సన్నటి అక్షరాల్లో 0.18 చదివి లెక్క కట్టుకోమనడం చూపు ఆనని పెద్దవాళ్ళకు, చదువు తక్కువున్నవాళ్ళకు ఏ రకంగానూ సాయం కాదు. అప్పటిదాకా నేను నేర్పేది ఒకటే: ధరను బరువుతో భాగించి వెయ్యితో హెచ్చవేయండి. పాప పది నిమిషాల్లో నేర్చుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ర్యాక్ లెక్కలన్నీ దానివే.

ఎక్కడ ఏం కొనాలి

బియ్యంతో మొదలుపెట్టాం. 2022 జులై 18 నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి, పప్పులకు 5 శాతం జీఎస్టీ ఉంది. మన ప్రాంతంలో 26 కేజీల బస్తా ఎందుకు వచ్చిందని చాలామంది అడుగుతారు, ఆ గీత దాటడానికే వచ్చింది. వీళ్ళు బస్తా కొంటూనే, నెలాఖరులో చాలక 5 కేజీల ప్యాకెట్ కేజీ 68 లెక్కన తెచ్చుకునేవారు. ఇప్పుడు రెండూ మిల్లు దగ్గరే తీసుకుంటున్నారు. పక్కనే మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం వరిని దేశంలో చాలా రాష్ట్రాలు పండించుకుంటుంటే, ఆ చేల మధ్య ఉంటూ మనం రంగురంగుల సంచిలో బియ్యం కొంటున్నామంటే మనసొప్పదు నాకు. అలాగని బలవంతం చేయలేదు. పిల్లలకు సన్నబియ్యమే ఇష్టం, అది వాళ్ళ ఇల్లు.

కూరగాయలు వారం సంతలో, గోదావరి లంకల నుంచి వచ్చే బుట్టల దగ్గర. పప్పులు టౌన్‌లో హోల్‌సేల్ కొట్టులో. గుడ్లు ట్రే లెక్కన. చేప చెరువు పట్టుబడి రోజున గట్టు మీదే: శీలావతి, కట్ల. ఇవన్నీ ఆవిడకు తెలియనివి కావు, నేను చెప్పాల్సిన పనే లేదు. వాటికి డబ్బు మిగలడమే కావాల్సింది. మొదటి నెల మిగిలినదాంతో ముందు లీటరు పాలు తిరిగి వేయించుకోమన్నాను, అప్పు తీర్చడం కంటే ముందు. దీనికి మా ఆఫీసులో కొందరు ఒప్పుకోలేదు. నా లెక్క వేరు: పాలు రాకపోతే మూడో నెలకి ఆ ఇల్లు ఈ పద్ధతి మీద నమ్మకం పోగొట్టుకుంటుంది.

నేను తప్పు చేసిన చోట్లు

కందిపప్పు రేటు తగ్గినప్పుడు పది కేజీలు ఒకేసారి తీసుకోమని చెప్పింది నేనే. జూన్‌లో వానలు పడ్డాయి. డెల్టా తేమ ఎలాంటిదో ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియాలి. జులై చివరికి డబ్బాలో పురుగు పట్టింది. రెండు కేజీల పైన పారేశారు, మిగతాది ఎండబెట్టడానికి ఎండే లేదు. అత్తగారు ముందే వద్దన్నారట, మేడం చెప్పారని కోడలు కొన్నారు. ఆ నెలలో మిగిలింది దాదాపు అందులోనే పోయింది. అప్పటి నుంచి వానాకాలంలో నెలకు మించిన పప్పు ఎవరికీ చెప్పడం లేదు.

మూడిళ్ళవాళ్ళు కలిసి 15 కేజీల నూనె డబ్బా కొనుక్కోమన్న సలహా కూడా నిలవలేదు. మొదటి నెల బాగానే పంచుకున్నారు. రెండో నెల ఒకరు డబ్బులు ఆలస్యంగా ఇచ్చారు, మూడో నెల కొలత దగ్గర మాట పెరిగింది. పొరుగింటి స్నేహం కంటే నూనె మీద మిగిలే నలభై రూపాయలు ఎక్కువ కాదని ఆవిడే ఆపేశారు. సరైన నిర్ణయమే. ఇప్పుడు ఐదు లీటర్ల క్యాన్ ఒక్కరే తీసుకుంటున్నారు.

పిల్లల చిరుతిండి విషయంలో నేను మొదట చెప్పిన మాటను వెనక్కి తీసుకున్నాను. ఇంట్లో జంతికలు, చెక్కలు వండుకుంటే చౌక అని అందరిలాగే అన్నాను. ఆవిడ మెత్తగానే అడిగారు: "ఆ మూడు గంటల్లో నేను రెండు జాకెట్లు కుడతానండి, దాని మాటేంటి?" లెక్క వేస్తే ఆవిడ చెప్పిందే నిజం. కుట్టు కూలి, పిండి, నూనె, గ్యాస్ కలిపితే కొన్నవాటికంటే ఇంట్లో వండినవే ఖరీదు. ఇంటి ఆడమనిషి గంటలకు వెల లేదనుకుని మేం ఇచ్చే సలహాలు చాలా ఉన్నాయి, వాటన్నిటినీ తిరిగి చూసుకోవాలనిపించింది. చివరికి ఆ దారి అత్తగారి వైపు తిరిగింది. ఆదివారం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వేరుశనగ ఉండలు చుడుతున్నారు, నెలకోసారి సున్నుండలు. ఆవిడకు అది సంతోషం, అడిగి మరీ తీసుకున్నారు ఆ పని. బాబుకి వారానికి ఒక నూడుల్స్ ప్యాకెట్ ఉంచాం. అది కూడా తీసేసిన ఇళ్ళలో పిల్లలు పక్క కొట్టులో దొంగతనంగా కొనుక్కోవడం చూశాను.

ఏడాది తర్వాత

2025 అక్టోబరు లెక్క ఇది. మిల్లు, హోల్‌సేల్ కొట్టు, సూపర్ మార్కెట్ మూడూ కలిపి 6,460. పోయినేడు అదే నెల 9,480. తేడాలో 1,540 పాలు, గుడ్లు, చేపలకు తిరిగి వెళ్ళింది. కందిపప్పు రెండు కేజీల నుంచి మూడు అయింది. చేతిలో మిగిలింది నెలకు 1,480 దాకా, వడ్డీలో ఆదా మరో 850.

ఇందులో అంతా మా గొప్ప కాదు. 2025లో పప్పుల రేట్లు బాగా దిగాయి. సెప్టెంబరు 22న జీఎస్టీ మారి బిస్కెట్లు, ఒంటి సబ్బులు, టూత్‌పేస్ట్, షాంపూ 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. ఆవిడ వరసగా రెండు బిల్లులు పెట్టుకుని సరిచూశారు. సబ్బు తగ్గింది. బట్టల పౌడర్ తగ్గలేదు, దాని మీద 18 శాతం అలాగే ఉంది మరి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ పదే ఉంది, గ్రాములు పెరిగాయి.

అక్టోబరు అంకెలు నవంబరులో వచ్చినప్పుడు ఆవిడ ఫోన్ చేశారు. "టీవీలో తిండి ధరలు 5 శాతం తగ్గాయంటున్నారు. నా బిల్లులో నూనె చూడండి!" రెండూ నిజమే. ఆ 5 శాతం తగ్గుదల పోయినేడు అక్టోబరుతో పోల్చి చెప్పింది, అప్పుడు కూరగాయలు ఆకాశంలో ఉన్నాయి. కూరగాయలు, పప్పులు దిగి సగటును కిందికి లాగాయి, నూనెలు మాత్రం పెరిగే ఉన్నాయి. కొబ్బరి సంగతి చెప్పనే అక్కర్లేదు. కోనసీమకు గోదావరి ఇవతలి గట్టున ఉంటూ కొబ్బరి పచ్చడి పండక్కి మాత్రమే చేసుకున్న ఏడాది అది. ఎవరి సగటూ ఒక ఇంటి వంటగదితో సరిపోదు. అందుకే ఆ నీలం పెన్ను ఆవిడ ఇంకా వాడుతున్నారు.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన రొయ్యలతో సహా చాలా సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. సెప్టెంబరు నుంచి ప్లాంటులో ఓటీ ఆగిపోయింది. నెలకు 3 వేలు పోయాయి, అంటే మేం ఏడాది కష్టపడి మిగిల్చినదాని కంటే ఎక్కువ. బంగారం లోను 12 వేల దగ్గర ఆగింది. దసరాకి తీర్చేసి గొలుసు తెచ్చుకోవాలనుకున్నారు, కుదరలేదు.

నవంబరులో నేను వెళ్ళినప్పుడు ఇద్దరూ చీటీ రాసుకుంటున్నారు. ఏం తగ్గించాలా అని ఆయన పైనుంచి కిందికి చదువుతున్నారు. పాలు, గుడ్లు చీటీలో మొదటి రెండు వరసల్లో ఉన్నాయి. ఆ రెండు వరసల కింద ఆవిడ స్కేలు పెట్టి గీత గీశారు, "ఇక్కణ్ణుంచి కింద చూడండి" అని స్కేలు అక్కడే ఉంచేశారు.